పిల్లల పఠనం, అభ్యసన ఫలితాలు: మొగుడంపల్లి నుంచి చూస్తే

పరీక్షలో ఎక్కడ వస్తుంది?

టెట్‌ పేపర్‌–1కు మొత్తం 150 మార్కులు. శిశువికాసం–పెడగాజీ, భాష–1, భాష–2, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కోదానికి 30. పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారన్న విషయం వీటిలో మొదటి మూడింటినీ తాకుతుంది. డీఎస్సీలో టెట్‌ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి ఇక్కడ పోయిన మార్కు అక్కడా లెక్కకు వస్తుంది. గ్రూప్స్‌ రాసేవారికి ఇదే విషయం విద్యా పథకాలు, మానవాభివృద్ధి, జనగణన పేర్లతో ఎదురవుతుంది.

చాలామంది అభ్యర్థులు దీన్ని నాలుగు పేర్లు, నాలుగు సంవత్సరాలుగా బట్టీపట్టి వదిలేస్తారు. అలా చదివితే సందర్భాన్ని ఇచ్చి అడిగే ప్రశ్నల దగ్గర చేతులెత్తేయాల్సి వస్తుంది. అందుకే ఈ పాఠానికి ఒక ఊరును ఎంచుకుందాం.

మొగుడంపల్లి ఎందుకు?

సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్‌ నియోజకవర్గంలోని మండలం ఇది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాత జహీరాబాద్‌ మండలం నుంచి విడివడింది. పక్కనే కర్ణాటక. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్‌ తాలూకా బీదర్‌ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం వచ్చాక నిర్ణా సర్కిల్‌ తప్ప మిగతా తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. సరిహద్దు గీత జరిగింది గానీ భాషలు ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. ఈ ప్రాంతంలో తెలుగు, కన్నడం, ఉర్దూ, తండాల్లో లంబాడీ, అక్కడక్కడ మరాఠీ వినిపిస్తాయి. ఇలాంటి చోట ఒకటో తరగతి గదిలో కూర్చున్న పిల్లలందరికీ ఇంటి భాష, బడి భాష ఒకటే అనుకుని పాఠం మొదలుపెట్టలేం.

పరిశోధన పరంగా మొగుడంపల్లి ఇంకో పాఠం కూడా నేర్పుతుంది. 2011 జనగణన నాటికి ఈ మండలమే లేదు. దాని వివరాలన్నీ పాత జహీరాబాద్‌ మండలం లెక్కల్లో, ఉమ్మడి మెదక్‌ జిల్లా లెక్కల్లో కలిసి ఉన్నాయి. ఉమ్మడి మెదక్‌ అక్షరాస్యత 61.42 శాతం. తెలంగాణ సగటు 66.54, పురుషులు 75.04, స్త్రీలు 57.99. ‘మొగుడంపల్లి మండల అక్షరాస్యత 2011లో ఎంత?’ అని ఎవరైనా అడిగితే, పాత మండలంలోంచి ఆయా గ్రామాల వివరాలు తీసి కూడుకోవాలే తప్ప అచ్చయిన అంకె దొరకదు. సరిహద్దులు మారినప్పుడు పాత అంకెను కొత్త పేరుకు అంటగట్టకూడదన్నది డేటా ప్రశ్నల్లో ఎప్పుడూ పనికొచ్చే జాగ్రత్త.

సరిహద్దు దగ్గర మరో చిక్కు ఉంది. లంబాడీలు తెలంగాణలో షెడ్యూల్డ్‌ తెగ. గీత దాటి బీదర్‌ వైపు వెళ్తే అదే సముదాయం షెడ్యూల్డ్‌ కులాల జాబితాలో ఉంటుంది. కాబట్టి సంగారెడ్డి ఎస్టీ అక్షరాస్యతను బీదర్‌ ఎస్టీ అక్షరాస్యతతో పోల్చి ‘అటు ఎక్కువ, ఇటు తక్కువ’ అంటే అది తప్పుడు పోలిక. రెండు వైపులా ఒకే మనుషులను లెక్కపెట్టడం లేదు.

మూడు మాటలు, మూడు అర్థాలు

అక్షరాస్యత: జనగణన ప్రకారం ఏడేళ్లు, ఆపైన వయసున్న వ్యక్తి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. ఇంటికొచ్చిన గణకుడు అడిగి రాసుకుంటాడు, పరీక్ష పెట్టడు.

నమోదు: బడి రిజిస్టరులో పేరు ఉండటం. జూన్‌లో బడిబాట పేరుతో ఉపాధ్యాయులు ఇల్లిల్లూ తిరిగేది దీనికోసమే.

అభ్యసన ఫలితం: ఒక తరగతి పూర్తయ్యేసరికి పిల్లవాడు చేసి చూపించగలగాల్సిన పని. ‘కథ విన్నాడు’ అనేది అభ్యసన ఫలితం కాదు. ‘విన్న కథను తన మాటల్లో చెప్పగలడు’ అనేది అభ్యసన ఫలితం. బిట్లలో ఈ తేడా మీదే మెలిక పెడతారు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చాక నమోదు సమస్య చాలావరకు తీరింది. అభ్యసన సమస్య తీరలేదు. పదేళ్ల వయసుకు ఒక చిన్న పాఠాన్ని చదివి అర్థం చేసుకోలేకపోవడాన్ని ప్రపంచ బ్యాంకు 2019 నుంచి ‘అభ్యసన పేదరికం’ అంటోంది. బడికి వెళ్తూనే ఈ పేదరికంలో ఉండిపోయే పిల్లల గురించే మిగతా పాఠమంతా.

చదవడం ఎలా వస్తుంది?

గఫ్‌, టన్మర్‌ 1986లో ప్రతిపాదించిన సరళ పఠన నమూనాను కేవలం సూత్రంగా కాకుండా ఆలోచన పద్ధతిగా నేర్చుకోండి. పఠన అవగాహన = డీకోడింగ్‌ × భాషావగాహన. డీకోడింగ్‌ అంటే అచ్చులో ఉన్న గుర్తును నోటితో పలికే మాటగా మార్చగలగడం. భాషావగాహన అంటే ఆ మాట వింటే అర్థం కావడం. రెంటి మధ్య ఉన్నది కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే ఫలితం సున్నా.

ఒక లెక్క వేసి చూద్దాం. మూడో తరగతిలో ఇద్దరు పిల్లలున్నారు. మొదటి అమ్మాయి ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, కథ చెబితే గలగలా తిరిగి చెబుతుంది, కానీ ఒత్తులు రావు. ఆమె డీకోడింగ్‌ 0.2, భాషావగాహన 0.9 అనుకుందాం. రెండో అబ్బాయి తండా నుంచి వస్తాడు. గుణింతాలన్నీ వచ్చు, వాక్యం తడబడకుండా చదువుతాడు, కానీ చదివిన మాటల్లో సగానికి పైగా అతను ఇంట్లో ఎన్నడూ వినలేదు. డీకోడింగ్‌ 0.9, భాషావగాహన 0.2. ఇద్దరి ఫలితమూ 0.18. ప్రశ్నపత్రం దిద్దితే ఇద్దరికీ ఒకే మార్కు. రిజిస్టరులో ఇద్దరూ ‘వెనుకబడినవారు’. అమ్మాయికి కావలసింది అక్షరం, గుణింతం, ఒత్తుల సాధన. అబ్బాయికి కావలసింది మాట, సంభాషణ, కథ. ఇద్దరినీ ఒక మూల కూర్చోబెట్టి గుణింతాలు రాయిస్తే అమ్మాయికి కొంత మేలు జరుగుతుంది. అబ్బాయి ఏడాది వృథా అవుతుంది.

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని గుర్తుపెట్టుకోండి: సర్వే అంకె ఎంతమంది చదవలేకపోతున్నారో చెబుతుంది, ఎందుకు చదవలేకపోతున్నారో చెప్పదు. ఆ రెండో సంగతి తరగతి గదిలో ఉపాధ్యాయుడు కనిపెట్టాల్సిందే. మొగుడంపల్లి లాంటి చోట ఈ రెండు రకాల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు.

మిగతా పేర్లు క్లుప్తంగా: జీన్‌ చాల్‌ 1983లో పఠన వికాస దశలను చెప్పారు. ఆమె ప్రకారం పిల్లలు మొదట ‘చదవడం నేర్చుకుంటారు’, తర్వాత ‘నేర్చుకోవడానికి చదువుతారు’. ఈ మలుపు నాలుగో తరగతి ప్రాంతంలో వస్తుంది. మూడో తరగతి దాటేసరికి చదవడం రాకపోతే సైన్సు, సాంఘికం కూడా చేజారేది అందుకే. కీత్‌ స్టానోవిచ్‌ 1986లో చెప్పిన ‘మాథ్యూ ప్రభావం’ దీని కొనసాగింపు: చదవగలిగేవారు ఎక్కువ చదివి ఇంకా ముందుకు పోతారు, రానివారు తక్కువ చదివి ఇంకా వెనకబడతారు. పిల్లలు అధికారికంగా చదవడం మొదలుపెట్టక ముందే పుస్తకంతో పరిచయం పెంచుకునే దశను ‘ఆవిర్భావ అక్షరాస్యత’ అని చర్చకు తెచ్చినది న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే. ‘సామీప్య వికాస మండలం’ వైగాట్‌స్కీది. దీన్ని పియాజేకు అంటగట్టే బిట్‌ తరచూ కనిపిస్తుంది.

తెలుగు లిపి దగ్గర ఆగి చూస్తే

ఇంగ్లిషు పిల్లల మీద జరిగిన పరిశోధనను తెచ్చి తెలుగుకు అలాగే తొడగడం కుదరదు. ఇంగ్లిషులో 26 అక్షరాలు నేర్చుకుంటే గుర్తుల పని అయిపోతుంది, ఆ తర్వాత కష్టమంతా స్పెల్లింగుది. తెలుగులో స్పెల్లింగు పేచీ దాదాపు లేదు. పలికినట్టే రాస్తాం. కానీ గుర్తులు గుట్టలుగా ఉన్నాయి. సంప్రదాయ వర్ణమాల 56 అక్షరాలతో మొదలై, గుణింతాలు చేరేసరికి లెక్క వందల్లోకి పోతుంది. ఒత్తులు కలిస్తే ఇంకా పెరుగుతుంది.

ఒక పిల్లవాడు ‘రాష్ట్రం’ అనే మాట చదవడాన్ని దగ్గర నుంచి గమనించండి. ‘రా’ సులువుగా వచ్చేస్తుంది. తర్వాత ‘ష’ దగ్గర ‘ప’ అనబోతాడు, ఎందుకంటే రెంటికీ ఆకారం ఒకటే, మధ్యలో చిన్న గీతే తేడా. దాన్ని దాటాక కింద ట ఒత్తు, దానితోపాటు ర ఒత్తు. ర ఒత్తు అక్షరానికి ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది. కంటికి ముందు కనిపించేది నోటితో చివర పలకాలి. పెద్దవాళ్లం ఈ పని రెప్పపాటులో చేస్తాం కాబట్టి ఇది ఎంత పనో మరిచిపోయాం. ‘కై’ రాసేటప్పుడు పైన ఒక గుర్తు, కింద ఒక గుర్తు. ‘కు’ రాసేటప్పుడు కుడిపక్కన కొమ్ము. చూపు ఎడమ నుంచి కుడికి మాత్రమే కాదు, పైకీ కిందికీ కూడా తిరగాలి.

సోనాలీ నాగ్‌ 2007లో కన్నడ పిల్లలపై ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యం. అక్షర లిపుల్లో గుర్తులన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో చాలా ఏళ్లు పడుతుందని, పిల్లలకు మాటను అక్షరాలుగా విడగొట్టడం ముందు, విడి ధ్వనులుగా విడగొట్టడం బాగా తర్వాత వస్తుందని ఆ అధ్యయనం చూపింది. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి పిల్లలు కాబట్టి మనకూ ఇది దగ్గరి సాక్ష్యమే. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత తెలుగు లాంటి అర్ధ–అక్షర లిపిలో పిల్లలు ధ్వనులను ఎలా గ్రహిస్తారన్న దానిపై 2004లో పరిశోధన ప్రచురించారు. బోధనకు దీని నుంచి తీసుకోవాల్సింది ఇది: రెండో తరగతి పిల్లవాడికి ఒత్తులు పూర్తిగా రాలేదంటే అది మందబుద్ధి కాదు, ఈ లిపికి సహజమైన గడువు. ఆ గడువులో ఎవరూ నేర్పకుండా పాఠ్యపుస్తకం ముందుకు పోవడమే సమస్య.

అసర్‌: పరీక్ష ఎలా జరుగుతుంది?

ప్రథమ్‌ సంస్థ 2005 నుంచి నిర్వహిస్తున్న వార్షిక విద్యా స్థితి నివేదిక ఇది. గ్రామీణ ప్రాంతాలకే పరిమితం. ప్రతి జిల్లాలో 30 గ్రామాలు, గ్రామానికి 20 ఇళ్లు, అంటే జిల్లాకు 600 ఇళ్లు. 3–16 ఏళ్ల పిల్లల నమోదు వివరాలు అడుగుతారు, 5–16 ఏళ్ల వారిని ఒక్కొక్కరినీ ఇంటి దగ్గరే చదివిస్తారు. బడికి వెళ్లని పిల్లలూ లెక్కలోకి రావాలనే ఇంటికి వెళ్లడం.

పరీక్ష ఇంటి అరుగు మీద జరిగిపోతుంది. ముందు ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా ఇస్తారు. మూడు తప్పులకు మించకుండా వాక్యాల్లాగా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇస్తారు. పేరా రాకపోతే పదాలకు దిగుతారు. ఐదు పదాల్లో నాలుగైనా రావాలి. అదీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటికి నాలుగు. పిల్లవాడు చేరుకోగలిగిన పై మెట్టునే నమోదు చేస్తారు. మొత్తం సాధనం నాలుగు భాగాలు: అక్షరం, పదం, పేరా, కథ. ‘అసర్‌లో అత్యున్నత పఠన స్థాయి ఏది?’ అంటే జవాబు రెండో తరగతి కథ. ఐదో తరగతి పిల్లవాడిని పరీక్షించినా పైమెట్టు అదే.

ఈ సాధనం డీకోడింగ్‌ను బాగా పట్టుకుంటుంది. మనం చెప్పుకున్న రెండో అబ్బాయి కథ గడగడా చదివేసి ‘చదవగలడు’ గడిలోకి వెళ్లిపోతాడు. అర్థమైందా లేదా అన్నది ఆ గడి చెప్పదు. పైగా జిల్లాకు 30 గ్రామాల శాంపిల్‌ కాబట్టి మొగుడంపల్లి మండలానికి విడిగా అసర్‌ అంకె ఉండదు.

జాతీయ సాధన సర్వేతో (న్యాస్‌) తేడా కూడా ఇక్కడే చూసుకోండి. న్యాస్‌ బడిలో జరుగుతుంది, రాతపూర్వకం, గ్రామాలూ పట్టణాలూ రెండూ ఉంటాయి. 2021 నవంబరు 12న జరిగిన న్యాస్‌ 3, 5, 8, 10 తరగతులకు. 2024 డిసెంబరు 4న ‘పరఖ్‌ రాష్ట్రీయ సర్వేక్షణ్‌’ పేరుతో జరిగినది 3, 6, 9 తరగతులకు. తరగతుల వరుస మారింది కాబట్టి జతపరచమని అడగడానికి అనువైన అంశం.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు

మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు దేశం మొత్తం మీద 2018లో 27.3 శాతం, కొవిడ్‌ తర్వాత 2022లో 20.5, 2024లో 27.1. అంటే జారిన మెట్టు ఎక్కి మళ్లీ పాత చోటికి చేరాం. ఐదో తరగతిలో 2018లో 50.5, 2022లో 42.8.

మన సంగతి ఇంకా కలవరపెడుతుంది. అదే మూడో తరగతి కొలత తెలంగాణలో 2018లో 18.1 శాతం, 2022లో 5.2. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3. ఇవి ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెంటినీ కలిపిన అంకెలు. నూటికి ఐదుగురే అన్న ఈ అంకెను పరీక్ష కోసం కంఠస్థం చేయండి, కానీ దాని వెనక ఏముందో కూడా ఆలోచించండి. 2022లో మూడో తరగతిలో ఉన్న పిల్లలు ఒకటో తరగతికి రావాల్సిన వేళకు బడులకు తాళాలు పడ్డాయి. అక్షరం నేర్పే ఏడాదే పోయింది. స్మార్ట్‌ఫోను లేని ఇంట్లో, అక్షరం వచ్చిన పెద్దలెవరూ లేని ఇంట్లో ఆ లోటు పూడ్చేవారు లేరు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పరిశోధన

విద్య మీద ప్రపంచమంతా ఉటంకించే ప్రయోగాల్లో కొన్ని మన పల్లె బడుల్లోనే జరిగాయి. ఇది మన అభ్యర్థుల్లో చాలామందికి తెలియకపోవడం బాధాకరం.

2005లో ప్రభుత్వం, అజీమ్‌ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌, ప్రపంచ బ్యాంకు కలిసి ఐదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టాయి. కార్తీక్‌ మురళీధరన్‌, వెంకటేశ్‌ సుందరరామన్‌ దాన్ని నడిపారు. పాఠశాలలను లాటరీ పద్ధతిలో వందేసి చొప్పున విడదీశారు. ఒక వందకు ఉపాధ్యాయులకు విడివిడిగా బోనస్‌, ఒక వందకు ఉమ్మడి బోనస్‌, ఒక వందకు అదనపు కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, ఒక వందకు నగదు గ్రాంటు. మిగిలిన వందకు ఏమీ ఇవ్వలేదు, పోల్చి చూడటానికి.

రెండేళ్లకు బోనస్‌ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. 0.27 అంటే ఎంత? నూరుమందిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు సుమారు పది స్థానాలు ముందుకు జరిగినట్టు. అదనపు ఉపాధ్యాయుడు వచ్చిన బడుల్లోనూ గణితంలో 0.16, భాషలో 0.15 మేర మెరుగుదల కనిపించింది.

గ్రాంటు ఫలితం నాకు అన్నింటికంటే ఆలోచింపజేసేదిగా అనిపిస్తుంది. మొదటి ఏడాది, ఎవరూ ఊహించని డబ్బు వచ్చినప్పుడు, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే డబ్బు వస్తుందని ముందే తెలిసినప్పుడు ప్రభావం కనిపించలేదు. నోటు పుస్తకాలు బడే ఇస్తుందని తెలిశాక తల్లిదండ్రులు ఆ మేరకు తమ ఖర్చు తగ్గించుకున్నారు. జిష్ణు దాస్‌ బృందం 2013లో ప్రచురించిన విశ్లేషణ ఇది. పేద ఇంట్లో పదిరూపాయలు మిగిలితే అవి ఇంకో అవసరానికి పోతాయి. అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. కానీ వస్తువులు పంచితే చదువు దానంతటదే వస్తుందనుకోవడం ఎందుకు తప్పో దీంతో తెలుస్తుంది.

అదే పరిశోధన సమూహం ఇంకో వంద బడుల ఉపాధ్యాయులకు తమ పిల్లలు ఎక్కడ తప్పుతున్నారో వివరంగా చెప్పే నివేదికలు ఇచ్చింది. పరిశీలకులు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు చురుగ్గా కనిపించారు. పిల్లల మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. పరీక్షలు పెట్టి, ఎక్సెల్‌ షీట్లు నింపి, పైకి పంపడం ఒక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం అక్కరలేదు.

తర్వాత 2008లో మరో ప్రయోగం. 180 గ్రామాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీసి ప్రైవేటు బడికి వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, గణితంలో వోచర్‌ పిల్లలకూ మిగతావారికీ తేడా లేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు, ఎందుకంటే ఆ గ్రామాల ప్రభుత్వ బడుల్లో ప్రాథమిక తరగతులకు హిందీ బోధించడం లేదు. ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడిపై పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. రెండు వాదనలవారూ ఈ అధ్యయనాన్ని తమకు అనుకూలంగా వాడుకుంటారు. మీరు జవాబు రాసేటప్పుడు ఫలితాన్నీ, ఖర్చునూ రెంటినీ రాయండి.

మూడోది ‘యంగ్‌ లైవ్స్‌’. ఆక్స్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన రెండు రాష్ట్రాల్లో 2002 నుంచి సాగిన దీర్ఘకాలిక అధ్యయనం. ఇక్కడ 3,000 మంది పిల్లలు: 2001–02లో పుట్టిన రెండు వేలమంది, 1994–95లో పుట్టిన వెయ్యిమంది. ఒకే పిల్లలను ఏళ్ల తరబడి వెంట వెళ్లి చూస్తే దాన్ని అనుదైర్ఘ్య అధ్యయనం అంటారు. అసర్‌ ప్రతిసారీ వేరే పిల్లలను చూస్తుంది కాబట్టి అది అడ్డకోత అధ్యయనం.

భోజనం గురించి ఒక్క మాట: మధ్యాహ్న భోజనం అయిదేళ్లపాటు అందిన పిల్లల పఠన మార్కులు ఏడాదిలోపే అందినవారి కంటే 18 శాతం ఎక్కువని 2019లో చక్రవర్తి, జయరామన్‌ దేశవ్యాప్త డేటాతో చూపారు. వాళ్లు వాడింది అసర్‌ అంకెలనే.

ఇంటి భాష, బడి భాష

ఇక పఠన గుణకారంలో రెండో సగం, భాషావగాహన. రాజ్యాంగంలోని 350–ఎ అధికరణ ప్రాథమిక స్థాయిలో భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించాలంటుంది. 1956 ఏడో సవరణతో వచ్చిన అధికరణ ఇది. జహీరాబాద్‌ బీదర్‌ నుంచి విడివడిన ఏడాదే వచ్చింది. భాషల ప్రకారం గీతలు గీసినప్పుడు ప్రతి గీతకూ ఇటూ అటూ కొందరు మిగిలిపోతారని ఆనాటివారికి తెలుసు. విద్యాహక్కు చట్టం సెక్షన్‌ 29(2)(ఎఫ్‌) ‘వీలైనంత వరకు’ మాతృభాష అంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా, వీలున్నచోట, ఇంటి భాష అంటుంది. ‘వీలైనంత’ అన్న మాట చాటున తండా బడి ఎక్కువగా ఉండిపోతోంది.

వీలు కానిదేమీ కాదని మనమే ఒకసారి చూపించాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది: సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా (లంబాడీ). లిపి తెలుగే, మాటలు పిల్లల ఇంటివి. తల్లిని ‘యాడి’ అని, నీళ్లను ‘పాణి’ అని పిలిచే పిల్లకు మొదటి పుస్తకంలో ఆ మాటలే తెలుగు అక్షరాల్లో కనిపిస్తే, ఆమె ఒక సమయంలో ఒకే కొత్త విషయం నేర్చుకుంటుంది: అక్షరం. అర్థం ముందే తెలుసు. తర్వాత తెలుగు మాటలు నోటితో నేర్చుకుని, వచ్చిన అక్షరాలతో వాటిని చదువుతుంది. పరాయి మాట, పరాయి గుర్తు రెండూ ఒకేసారి నెత్తిన పెడితే ఏదీ నిలవదు.

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1–8 తరగతులకు ఇంగ్లిషు మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలతో. తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే లంబాడీ పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే అన్న సంగతి టీచరుకు తెలిసి ఉండాలి.

తెలుగు ఇళ్లలోనూ ఇంటి మాటకు, పుస్తకం మాటకు దూరం ఉంది. జహీరాబాద్‌ ప్రాంతంలో పుస్తకం ‘ఎక్కడికి’ అంటే ఇల్లు ‘యాడికి’ అంటుంది. 2008 అక్టోబరు 15న మాచనూరులో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు ఈ యాసలోనే నడిపారు. ఆ యాసలో వినిపించే కథ, పాట, సేద్యం ముచ్చట తరగతి గదిలో భాషావగాహనకు సిద్ధంగా ఉన్న సరుకు. దాన్ని తప్పు భాషగా చూసి పిల్ల నోరు మూయిస్తే గుణకారంలో ఉన్న సగాన్ని మన చేతులతో మనమే తగ్గించినట్టు.

పథకాలు: క్లుప్తంగా

నిపుణ్‌ భారత్‌: 2021 జులై 5న ప్రారంభం. 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడికి పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవడం లక్ష్యం.

తొలిమెట్టు: తెలంగాణ, 2022 ఆగస్టు 15, 1–5 తరగతులు. తర్వాత 2023లో 6–9 తరగతులకు ‘ఉన్నతి’.

స్థాయికి తగిన బోధన: పిల్లలను తరగతి ప్రకారం కాక, అప్పటికి వచ్చిన స్థాయి ప్రకారం జట్లుగా చేసి నేర్పడం. ప్రథమ్‌ పద్ధతి. ముంబయి, వడోదరల్లో ‘బాలసఖి’ పేరుతో జరిగిన తొలి ప్రయోగాన్ని పరిశీలించినవారిలో అభిజిత్‌ బెనర్జీ, ఎస్తేర్‌ డఫ్లో ఉన్నారు. మైకేల్‌ క్రెమర్‌తో కలిసి 2019 ఆర్థిక నోబెల్‌ పొందారు.

రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం: అప్పటి చిత్తూరు జిల్లాలో రామ, పద్మనాభరావు దంపతులు రూపొందించిన బహుళ తరగతి, బహుళ స్థాయి పద్ధతి. అభ్యసన నిచ్చెన, కార్డులు దీని గుర్తులు. ఒకే టీచరు ఐదు తరగతులను చూసే తండా బడికి ఇంత దగ్గరగా ఆలోచించిన పద్ధతి మరొకటి తక్కువ. తమిళనాడు కృత్యాధార బోధనకు మూలం ఇదే.

మాదిరి ప్రశ్నలు

1. పఠన అవగాహనను డీకోడింగ్‌, భాషావగాహనల లబ్ధంగా చెప్పినవారు? జవాబు: గఫ్‌, టన్మర్‌.

2. అసర్‌ గురించి సరికానిది ఏది? (ఎ) ఇంటి దగ్గర జరుగుతుంది (బి) పట్టణాలూ ఉంటాయి (సి) ఒక్కొక్కరిని విడిగా చదివిస్తారు (డి) 3–16 ఏళ్లవారి నమోదు అడుగుతారు. జవాబు: బి.

3. ఒకే పిల్లలను 2002 నుంచి పలు విడతల్లో అధ్యయనం చేసిన ‘యంగ్‌ లైవ్స్‌’ ఏ రకం? జవాబు: అనుదైర్ఘ్య అధ్యయనం.

4. సరిహద్దు మండలంలోని మూడో తరగతి టీచరుగా మీరున్నారు. లంబాడీ మాట్లాడే విద్యార్థి పాఠాన్ని తప్పుల్లేకుండా చదివాడు, ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. మీరు ముందుగా చేసేది? (ఎ) గుణింతాలు మళ్లీ రాయించడం (బి) రెండో తరగతిలో కూర్చోబెట్టడం (సి) అదే పాఠాన్ని నోటితో కథగా చెప్పి, అతని భాషలో అడిగి, ఎంత అర్థమైందో చూడటం (డి) ఇంటి దగ్గర తెలుగే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పడం.

జవాబు: సి. డీకోడింగ్‌ ఉందని అతను చదివి చూపించాడు. నోటితో చెప్పినా అర్థం కాకపోతే లోపం తెలుగు మాటల దగ్గర ఉంది. సంభాషణ, బొమ్మలు, తండా నుంచే వచ్చే పై తరగతి పిల్లల సాయంతో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. నోటితో చెబితే అర్థమై, పుస్తకంలో కాకపోతే అతను అక్షరాలను కూడబలుక్కోవడంలోనే అలసిపోతున్నాడు. అప్పుడు కావలసింది ధారాళంగా చదివే సాధన. (డి)ని చాలామంది సరైనదనుకుంటారు. తెలుగు అంతగా రాని తల్లి పిల్లవాడితో తెలుగు మాట్లాడితే, కథ చెప్పగలిగే భాష ఆ ఇంట్లో లేకుండా పోతుంది.